కాలేజీ మ్యూజియానికి 'కలెక్షన్ పాలసీ' రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

రాళ్ల_మేష్టారు | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. రాయలసీమలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతుంటాను. మా డిపార్ట్‌మెంట్‌కి ఓ మ్యూజియం ఉంది. పొడుగాటి గది, గోడల వెంబడి అద్దాల బీరువాలు, మధ్యలో రెండు షోకేసులు. ఖనిజాలు, రాళ్లు, ఫాసిల్స్ అన్నీ కలిపి వెయ్యికి పైనే ఉంటాయి. ఈ ఏడాది జువాలజీ వాళ్ల సీసాలు, స్టఫ్ చేసిన జంతువులు కూడా ఇదే గదిలోకి తెచ్చి 'నేచురల్ హిస్టరీ మ్యూజియం' అని బోర్డు కడుతున్నారు. కాలేజీల ప్రమాణాలు పరిశీలించే న్యాక్ టీమ్ వచ్చేలోపు దీనికో కలెక్షన్ పాలసీ, అంటే సేకరణ గురించిన నియమాల పత్రం, కావాలని ప్రిన్సిపాల్ గారు ఆ పని నాకు అంటగట్టారు.

నెట్‌లో అమెరికా, ఇంగ్లండ్ మ్యూజియంల పాలసీలు చూశాను. నలభై పేజీలు, అరవై పేజీలు. ట్రస్టీల బోర్డు, రిజిస్ట్రార్, కన్జర్వేటర్ అని ఏవేవో పోస్టులు. ఇక్కడ ఉన్నది నేనూ, ఒక అటెండరూ. మాలాంటి చోట ఇందులో ఏవి ఉండాలి, ఏవి తీసేయొచ్చు?

గుమస్తా_గారు | సోమవారం, రాత్రి 9:41

పేరు మార్చి ప్రింటు తీసి ఫైల్లో పెట్టేయండి సార్. ఫైలు ఉందా లేదా చూస్తారు గానీ లోపల ఎవరు చదువుతారు?

డ్రాయర్_7 | సోమవారం, రాత్రి 10:15

గుమస్తా గారూ, న్యాక్ వాళ్లు చదవకపోవచ్చు. ఆడిట్ వాళ్లు చదువుతారు. కాపీ కొట్టిన పాలసీలో 'ఏటా మొత్తం సేకరణను తనిఖీ చేస్తాం' అన్న వాక్యం ఉండిపోయిందనుకోండి, అదే రేపు మేష్టారి మెడకు చుట్టుకుంటుంది.

మాది తెనాలి. ఇప్పుడు అమెరికాలో ఒక నేచురల్ హిస్టరీ మ్యూజియంలో కలెక్షన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ మ్యూజియంల అలయన్స్ గుర్తింపు కావాలంటే అయిదు ముఖ్యమైన పత్రాలు చూపించాలి: మిషన్, నైతిక నియమావళి, వ్యూహ ప్రణాళిక, విపత్తు ప్రణాళిక, ఈ కలెక్షన్ పాలసీ. అరవై పేజీలు ఎందుకయ్యాయంటే, ప్రతి పేరా వెనకా ఎప్పుడో జరిగిన తగువు ఒకటి ఉంటుంది. దాత కొడుకు వచ్చి మా నాన్న ఇచ్చినవి తిరిగిచ్చేయమన్నాడు, అరువు తీసుకెళ్లిన ప్రొఫెసర్ రిటైరైపోయాడు, ఇలాంటివి. మీకింకా ఆ తగువులు రాలేదు కాబట్టి నాలుగు పేజీలు చాలు.

ఆ నాలుగు పేజీల్లో తేలాల్సింది, ఏం తీసుకుంటాం, ఏం తీసుకోం, తీసుకున్నదానికి పూచీ ఎవరిది, ఎవరికి ఏ షరతు మీద అరువిస్తాం, ఎప్పుడు ఎలా తీసేస్తాం. వీటిలో ప్రతిదానికీ 'ఎవరు నిర్ణయిస్తారు' అన్న జవాబు ఉండాలి. పని ఎలా చేయాలన్నది వేరే కాగితం. 'నంబరు వేయని నమూనా బీరువాలోకి పోదు' అన్నది పాలసీ. ఆ నంబరు ఏ సిరాతో రాయాలన్నది ప్రొసీజర్. పాలసీ మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, సిరా మార్చడానికి అక్కర్లేదు.

పాత_సుత్తి | సోమవారం, రాత్రి 10:50

పాలసీ సంగతి తర్వాత. ముందు రిజిస్టర్ ఉందా నాయనా?

రాళ్ల_మేష్టారు | సోమవారం, రాత్రి 11:05

రెండున్నాయి సార్. పాతది 1960ల చివర్లో మొదలైంది, ఫౌంటెన్ పెన్ రాత. ఒక ఎంట్రీ ఇలా ఉంది: '212. క్రిసోటైల్. పులివెందుల దగ్గర గని డంపు, సున్నపురాయి అంచున. విద్యార్థుల ఫీల్డ్ ట్రిప్, ఫిబ్రవరి 1974.' పక్కన సేకరించినాయన పొట్టి సంతకం. రెండోది 1990ల తర్వాతది. అందులో 'క్వార్ట్జ్ - 6 నం. హెమటైట్ - 4 నం. బిల్లు నం. ఫలానా' అని ఉంది, అంతే.

పాత_సుత్తి | సోమవారం, రాత్రి 11:30

అయితే మీది మంచి మ్యూజియమే. ఆ 212 రాసినాయనకి దణ్ణం పెట్టుకో.

నేను జియలాజికల్ సర్వేలో ముప్పై ఏళ్లకు పైగా రాళ్లు మోశాను. ఎక్కడిదో తెలియని బెరైటీస్ ముక్క ముగ్గుపిండి చేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అదే ముక్క మీద 'మంగంపేట, ఫలానా గని, కింది పొర, ఫలానా తేదీ' అని ఉంటే, ఆ పొర తవ్వుకుపోయిన తర్వాత దానికి ఇంకో సాక్ష్యం ఉండదు. మంగంపేట నేషనల్ జియలాజికల్ మాన్యుమెంటే అయినా గనిలో తవ్వకం ఆగలేదు కదా. మీ పాలసీలో మొదటి వాక్యం ఇదే కావాలి: ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు తెచ్చారు, ఈ మూడూ లేని నమూనా రిఫరెన్స్ సేకరణలోకి, అంటే పరిశోధనకు ఆధారంగా దాచే సేకరణలోకి రాదు. అలాంటివి పాఠం చెప్పడానికి వాడుకోండి, పిల్లలు చేత్తో పట్టుకుని గోటితో గీసి చూస్తారు, పగిలినా బాధ లేదు. ఈ రెండిటికీ రిజిస్టర్లు వేరు, బీరువాలు వేరు ఉండాలి.

కప్ప_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 6:55

నేను గోదావరి జిల్లాలో జువాలజీ చెబుతాను. పాత_సుత్తి గారు చెప్పినదానికి మా వైపు నుంచి రెండు కథలు.

కలివి కోడి అనే పక్షి తెలుసు కదా. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, ఐతన్న అనే స్థానిక వేటగాడి సాయంతో. అంతవరకూ అందరికీ తెలిసిందే. దాని గుడ్డు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. 2013లో స్కాట్‌లండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించినది. ఫలానా పక్షిదని పాత కాగితం చెబుతోంది గానీ నమ్మేదెలా? మ్యూజియంలో భద్రంగా ఉన్న పాత కలివి కోడి చర్మంలోంచి డీఎన్‌ఏ తీసి పోల్చారు, సరిపోయింది. 1917లో డీఎన్‌ఏ అన్న మాటే ఎవరికీ తెలియదు. ఎందుకు దాస్తున్నామో తెలియకుండానే రెండు చోట్ల రెండు సంస్థలు చెరొకటి దాచాయి, కాగితంతో సహా.

రెండోది దీనికి తిరగేసిన కథ. అడవి పైడికంటె అని చిన్న గుడ్లగూబ జాతి ఉంది, మధ్య భారతంలో ఉంటుంది. రిచర్డ్ మైనర్ట్‌జాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర దాన్ని సేకరించానని నమూనా చూపించాడు. 1990ల్లో పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ దాన్ని ఎక్స్‌రే తీసి చూస్తే, అది 1880ల్లో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించినది. మ్యూజియంలోంచి కొట్టేసి, లోపలి దూది మార్చి, కొత్త లేబుల్ కట్టాడు. ఆ అబద్ధపు చోటును పక్కనపెట్టి అసలైన పాత లేబుళ్లు చెప్పిన చోట్ల వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర పక్షి బతికే కనిపించింది. ఒక్క దొంగ లేబుల్ ఒక జాతిని వెతకాల్సిన చోటు కాకుండా ఇంకోచోట వెతికించింది.

కాబట్టి మేష్టారూ, లేబుల్ మార్చే అధికారం ఎవరికుందో పాలసీలో రాయండి. తప్పని తేలినా పాత లేబుల్ పారేయకూడదు. కొత్తది దాని పక్కన పెట్టి, మార్చినవాళ్లు తేదీ వేసి సంతకం చేయాలి.

స్ఫటికం_హైద్ | మంగళవారం, ఉదయం 8:10

హాబీ కలెక్టర్ని, హైదరాబాద్. ఒక మాట అంటే కోప్పడకండి. కాలేజీ మ్యూజియంలలో నేను చూసినంతవరకూ ఒకే రకం హెమటైట్ ముక్కలు పాతికుంటాయి. దుమ్ము కొట్టుకుపోయి ఉంటాయి. వాటిలో ఇరవై అమ్మేసి, లేదా మాలాంటి వాళ్లతో మార్పిడి చేసుకుని, ఒక మంచి స్టిల్బైట్, ఒక కావన్‌సైట్ లాంటి అందమైన స్ఫటికాలు తెచ్చుకోవచ్చు కదా? పుణె దగ్గర వాఘోలి క్వారీ కావన్‌సైట్ నీలం చూస్తే పిల్లలు జియాలజీలో చేరిపోతారు. విదేశాల్లో మ్యూజియంలు మార్పిడి చేస్తూనే ఉంటాయి.

గుమస్తా_గారు | మంగళవారం, ఉదయం 10:32

అమ్మేస్తే ఇంటికే. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కితే రాయైనా కుర్చీయైనా ప్రభుత్వ ఆస్తి. తీసేయాలంటే పనికిరాదని తేల్చే కండెమ్నేషన్ కమిటీ, విలువ కట్టడం, పై ఆఫీసు అనుమతి, వేలం, డబ్బు ఖజానాకి. ఫైనాన్షియల్ కోడ్ ఉన్నది అందుకే. హెమటైట్ ఇచ్చి కావన్‌సైట్ తెచ్చుకుంటానంటే ఆ ఎంట్రీ నేను ఏ కాలమ్‌లో రాయాలి?

స్ఫటికం_హైద్ | మంగళవారం, ఉదయం 10:40

అందుకే మన మ్యూజియంలు ఇలా ఉన్నాయి 🙂

డ్రాయర్_7 | మంగళవారం, రాత్రి 8:25

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సేకరణలోంచి తీసేయడాన్ని ఇక్కడ డీయాక్సెషన్ అంటారు. నేరం కాదు, కానీ దానికో వరస ఉంటుంది. క్యూరేటర్ రాతపూర్వకంగా కారణం చెప్పాలి: శిథిలమైంది, ప్రమాదకరం, మా పరిధి కాదు, డూప్లికేట్. కమిటీ ఒప్పుకోవాలి. ఆ తర్వాత అది ఎటు పోవాలన్నదానికి ఒక క్రమం ఉంది. మొదట అదే సంస్థలో బోధనకు, తర్వాత ఇంకో ప్రభుత్వ లేదా విద్యా సంస్థకు ఉచితంగానో మార్పిడిగానో, అన్నిటికన్నా చివర అమ్మకం. అమ్మితే ఆ డబ్బు సేకరణకే వాడాలి గానీ కరెంటు బిల్లుకు కాదు. సిబ్బందికి, వాళ్ల బంధువులకు ఇవ్వడం అసలు కుదరదు. మ్యూజియంల అంతర్జాతీయ మండలి నైతిక నియమావళిలోనూ సారాంశం ఇదే. ఆ మండలిలోని నేచురల్ హిస్టరీ విభాగం 2013లో విడిగా ఇంకో నియమావళి కూడా తెచ్చింది, మీకు నేరుగా పనికొచ్చేది అది.

మీ దగ్గర అమ్మకం దారి గుమస్తా గారు చెప్పినట్టు మూసుకుపోయింది కాబట్టి ఆ వాక్యమే రాయకండి. 'బోధనకు మార్చడం', 'మరో ప్రభుత్వ విద్యాసంస్థకు బదిలీ', ఈ రెండూ చాలు. స్ఫటికం గారూ, మీకు డూప్లికేట్‌గా కనిపించేది ఒక్కోసారి డూప్లికేట్ కాదు. పాతిక హెమటైట్లు పాతిక చోట్లవైతే అదొక సిరీస్. ఒకే దుకాణం బిల్లు మీద వచ్చినవైతే మాత్రం మీరన్నదే నిజం.

పాత_సుత్తి | మంగళవారం, రాత్రి 9:12

మద్రాసు మ్యూజియం 1851లో మొదలైందే మద్రాసు లిటరరీ సొసైటీ ఇచ్చిన 1,100 రాళ్లతో. అప్పుడు ఎవరైనా 'ఇన్ని రాళ్లెందుకు, సగం మార్చుకుందాం' అని ఉంటే?

స్ఫటికం_హైద్ | మంగళవారం, రాత్రి 9:20

సరే సార్, ఓడిపోయాను. హెమటైట్లు అక్కడే ఉండనివ్వండి.

రాళ్ల_మేష్టారు | బుధవారం, సాయంత్రం 5:48

చాలా విషయాలు తెలిశాయి. ఇవాళ అటెండరుతో కలిసి మొదటి బీరువా తెరిచి చూశాను. మూడు సందేహాలు.

సింగరేణి వైపు నుంచి వచ్చిన బొగ్గు-షేల్ ముక్కల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంది. వాటి చుట్టూ తెల్లగా పసుప్పచ్చగా పొడి రాలింది, కింద పెట్టిన కాగితం లేబుల్ కాలిపోయినట్టు గోధుమరంగులోకి మారి ముట్టుకుంటే పొడైపోతోంది. ఉప్పు ముక్క చెమ్మగా ఉంది, మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. దాని పక్కన మైలుతుత్తం నీలం పోయి పైన తెల్లబడింది. మణిశిల ఎర్రగా ఉండాల్సింది, కిటికీ వైపు సగం పసుపు పొడి. అన్నిటికీ తేమ పీల్చే సిలికా జెల్ పెట్టేస్తే సరిపోతుందా?

పాత_సుత్తి | బుధవారం, సాయంత్రం 6:30

అన్నిటికీ ఒకే మందు కుదరదు. ఉప్పుకి తేమ పడదు, గాలిలో తేమ 75 శాతం దాటితే కరగడం మొదలవుతుంది. మైలుతుత్తానికి పొడి గాలి పడదు, తనలోని నీళ్లు పోయి పొడైపోతుంది. రెండూ ఒకే బీరువాలో ఉంచి సిలికా జెల్ పెడితే ఒకటి బతుకుతుంది, ఇంకోటి పోతుంది. విడివిడిగా గట్టి మూత డబ్బాల్లో పెట్టు. ఉప్పు డబ్బాలో జెల్ వేయి, మైలుతుత్తం డబ్బాలో వద్దు.

మణిశిల వెలుతురికి పాడవుతుంది, ఆ పసుపు పొడి మళ్లీ ఎర్రబడదు. చీకటి సొరుగులోకి మార్చు, షోకేసులో ఫొటో పెట్టు. అందులో ఆర్సెనిక్ ఉంది, ఆ పొడిని చీపురుతో ఊడ్పించకు. అమెథిస్టు కూడా ఎండ పడితే వెలిసిపోతుంది.

పైరైట్ సంగతి తొందర. అది గాలితో, తేమతో కలిసి సల్ఫేట్లుగా మారుతుంది, గంధకికామ్లం పుడుతుంది. మీ లేబుల్‌ని కాల్చింది అదే. తేమ 60 శాతం దాటితే వేగం పెరుగుతుంది. ఆ ముక్కల్ని ఇవాళే మిగతావాటి నుంచి వేరు చేసి, పొడి బ్రష్‌తో దులిపి, జెల్ వేసిన డబ్బాలో ఉంచు. నీళ్లు తగలనివ్వకు. లేబుల్‌లో ఏం రాసి ఉందో ఇంకా చదవగలిగితే ముందు ఫొటో తియ్యి.

కప్ప_ల్యాబ్ | బుధవారం, రాత్రి 7:15

నీళ్లంటే గుర్తొచ్చింది. ఒక కాలేజీలో ఇన్‌స్పెక్షన్ ముందురోజు మ్యూజియం 'నీటుగా' ఉండాలని అటెండరు చేత నమూనాలన్నీ సర్ఫు నీళ్లలో కడిగించారు. ఉప్పు మాయం, జిప్సం మెరుపు మాయం, పెన్నుతో రాసిన నంబర్లన్నీ మాయం. ఇన్‌స్పెక్షన్ టీమ్ మాత్రం శుభ్రత బాగుందని మెచ్చుకుందట.

మా గవ్వలకి ఇంకో జబ్బు. కొత్త ప్లైవుడ్ బీరువాలో పెడితే కొంతకాలానికి తెల్లటి బూజులాంటిది పడుతుంది. బూజు కాదది, చెక్కలోంచి వచ్చే ఎసిటిక్ ఆవిరి గవ్వలోని కాల్షియంతో కలిసి పుట్టిన లవణం. నూరేళ్ల కిందటే బైన్ అనే ఆయన దీని గురించి రాశాడు, కాకపోతే బాక్టీరియా పని అనుకున్నాడు. గవ్వలకు స్టీల్ బీరువా అడగండి. కొత్త గది కదా, ఇంటీరియర్ వాళ్లు ముందు ప్లైవుడ్డే చూపిస్తారు.

రాళ్ల_మేష్టారు | బుధవారం, రాత్రి 7:40

మేడమ్, జువాలజీ వాళ్ల నుంచి నాకు అప్పగించబోయే లిస్టులో స్టఫ్ చేసిన అలుగు ఒకటి, చిరుతపులి తల ఒకటి, సీసాలో దేవాంగపిల్లి, పగడపు దిబ్బ ముక్కలు ఉన్నాయి. సంతకం పెట్టొచ్చా?

కప్ప_ల్యాబ్ | బుధవారం, రాత్రి 8:05

ఆగండి! ఆ పేర్లన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లలో ఉన్నవే. స్టఫ్ చేసిన జంతువు, తల, చర్మం ఉంచుకోవాలంటే ప్రకటన ఇచ్చి ఉండాలి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. ఆ కాగితం జువాలజీ ఫైల్లో ఉందేమో ముందు వెతికించండి. లేకపోతే ప్రిన్సిపాల్ గారి ద్వారా అటవీ శాఖకు లెటర్ పెట్టించి, అదయ్యాకే బదిలీ. ఒక సంస్థలోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కదా అనుకోవద్దు, సంతకం పెట్టాక జవాబుదారీ మీదే. పగడాలు కూడా షెడ్యూల్ 1లోనే. పిల్లలు రామేశ్వరం ట్రిప్ నుంచి తెచ్చి మ్యూజియానికి ఇస్తామంటారు, పాలసీలోనే వద్దని రాసేయండి.

పాత స్టఫింగ్ జంతువుల చర్మానికి లోపలివైపు ఆర్సెనిక్ సబ్బు పూసేవాళ్లు, పురుగు పట్టకుండా. ముక్కు దగ్గర, కాళ్ల కుట్ల దగ్గర తెల్లపొడి కనబడితే అదే అనుకుని గ్లోవ్స్, మాస్క్ వేసుకోండి. పిల్లల చేత తాకించకండి. కలరా ఉండలు పోసి బీరువా మూసేసే అలవాటు కూడా మానాలి, ఆ వాసనలో కూర్చునేది మీరే.

ఇంకోటి, 2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపమన్న తర్వాత మా సీసాల్లో ఉన్నవి మళ్లీ తెచ్చుకోగలిగినవి కావు. ఫార్మలిన్ తగ్గిపోయి సగం బయటికి తేలిన కప్పని 'పాడైంది' అని పారేయకుండా, ఎవరు ఎప్పుడు ఫార్మలిన్ నింపారో రాసే కార్డు ఒకటి సీసాకి కట్టండి.

పాత_సుత్తి | బుధవారం, రాత్రి 8:30

నీ 212 నంబరు సంగతి కూడా. క్రిసోటైల్ అంటే రాతినార. పోగులు ఊడి గాల్లోకి లేస్తాయి, ఊపిరితిత్తుల్లో దిగుతాయి. జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని మూత ఉన్న అద్దపు డబ్బాలో పెట్టి చూపించు. నమూనా బంగారం లాంటిది, పారేయొద్దు, విప్పొద్దు.

గూడూరు మైకా గనుల వైపు నుంచి వచ్చిన నల్లటి బరువైన ముక్కలుంటే సమర్స్కైట్ కావచ్చు, యురేనియం ఉంటుంది. భీమిలి ఇసుక సీసా ఉంటే అందులో మోనజైట్, థోరియం. చిన్న ముక్కలకు కంగారు పడక్కర్లేదు గానీ నువ్వు రోజూ కూర్చునే టేబుల్ సొరుగులో మాత్రం వద్దు. గాలాడే మూల, విడి బీరువా, బయట గుర్తు. మోనజైట్ అణుశక్తి చట్టాల కిందికి వస్తుంది కాబట్టి కొత్తగా ఎవరైనా ఇస్తామంటే తీసుకోకు. ఫిజిక్స్ వాళ్ల దగ్గర రేడియోధార్మికత కొలిచే గైగర్ కౌంటర్ ఉంటే ఒక పూట అడిగి తెచ్చుకుని బీరువాలన్నీ తిప్పి చూడు.

థీసిస్_బాధితుడు | గురువారం, మధ్యాహ్నం 1:20

రీసెర్చ్ స్కాలర్ని. అవతలి వైపు నుంచి మాట్లాడతా. ఒక కాలేజీ మ్యూజియంలో నాకు కావలసిన రాయి ఉంది, ఆ క్వారీ ఇప్పుడు చెరువైపోయింది. థిన్ సెక్షన్‌కి (మైక్రోస్కోప్ కింద చూడ్డానికి రాయిని పల్చగా కోసే స్లైడ్) చిన్న ముక్క అడిగితే 'ఇవ్వం' అన్నారు. ఎందుకని అడిగితే 'రూల్ లేదు' అన్నారు. ఇవ్వకూడదన్న రూలూ లేదు, ఇవ్వొచ్చన్న రూలూ లేదు. ఇంకోచోట ఒకాయన 'కావాలంటే మొత్తం తీసుకెళ్లు బాబూ, దుమ్ము తగ్గుతుంది' అన్నాడు. మొదటాయన మీద కోపమొచ్చింది, రెండో ఆయన్ని చూస్తే భయమేసింది. పాలసీలో దీన్ని కూడా కలపండి ప్లీజ్.

డ్రాయర్_7 | గురువారం, రాత్రి 9:05

బాగా అడిగారు. దీన్ని విధ్వంసక పరీక్షలకు అనుమతి అంటాం. అడిగినవాళ్లు లెటర్ ఇవ్వాలి: ఏ పరీక్ష, ఎంత ముక్క కావాలి, వేరే నమూనాతో కుదరదా. కోసే ముందు ఫొటో, బరువు. అసలు నమూనాలో గుర్తుపట్టగలిగేంత భాగం మిగలాలి. మిగిలిన పొడి, తయారైన స్లైడ్, ఫలితాల కాపీ అన్నీ మ్యూజియానికి తిరిగి రావాలి. పేపర్లో నమూనా నంబరు వేయాలి. నంబరు వేస్తే నాలుగేళ్ల తర్వాత ఇంకో స్కాలర్ అదే రాయి వెతుక్కుంటూ మీ దగ్గరికే వస్తాడు. మీ మ్యూజియానికి అంతకంటే ప్రచారం అక్కర్లేదు.

అరువుకి కూడా దాదాపు ఇవే షరతులు, గడువు తేదీతో. శాశ్వత అరువు అన్న మాట రాయకండి. పంపే కాగితాలు సరిగా లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 2017లో పారిస్ మ్యూజియం 105 ఎండు మొక్కల నమూనాల్ని ఆస్ట్రేలియాకి అరువు పంపింది. వాటిలో 1800ల నాటివి ఉన్నాయి. పత్రాల్లో వివరాలు అసంపూర్తిగా ఉన్నాయని బ్రిస్బేన్‌లో క్వారంటైన్ వాళ్లు మొత్తం తగలబెట్టేశారు. పార్సిల్ మీద విలువ 2 డాలర్లు అని రాశారు మరి.

ఒకవేళ మీ పిల్లలెవరైనా కొత్త ఫాసిల్ జాతి కనిపెడితే దాని హోలోటైప్, అంటే పేరు పెట్టడానికి ఆధారమైన నమూనా, మీ బీరువాలో ఉంచుకోవాలన్న ఆశ వదులుకోండి. అది ప్రపంచంలో ఎవరైనా వచ్చి చూడగలిగే చోట, రేపు మీరు బదిలీ అయినా చూసుకునే మనిషి ఉండే చోట ఉండాలి. మీరు అచ్చు తీసి ఉంచుకోండి.

పాత_సుత్తి | గురువారం, రాత్రి 9:40

కోటసారస్ అనే డైనోసార్ అలా పెద్ద సంస్థ చేతిలో పడింది కాబట్టే మిగిలింది. యామన్‌పల్లి దగ్గర మావాళ్లు ఎముకలు తవ్వితీశారు, 1988లో యాదగిరి గారు పేరు పెట్టారు, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో అస్థిపంజరం నిలబడి ఉంది. పంచాయతీ ఆఫీసు మూలన పడేసి ఉంటే పొయ్యికింద రాళ్లయ్యేవి.

గుమస్తా_గారు | శుక్రవారం, ఉదయం 11:10

ఇవన్నీ సరే. నిప్పంటుకుంటే? మా ఆఫీసు రికార్డ్ రూమ్ సంగతి నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నా.

కప్ప_ల్యాబ్ | శుక్రవారం, మధ్యాహ్నం 12:45

2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఫిక్కీ భవనంలో ఉన్న జాతీయ నేచురల్ హిస్టరీ మ్యూజియం మొత్తం అలాగే కాలిపోయింది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం. అక్కడ దాదాపు 2 కోట్ల వస్తువులు ఉండేవి, చాలామటుకు బూడిదయ్యాయి. అయిదు టన్నులకు పైగా బరువున్న బెండెగో ఉల్క మాత్రం గుమ్మంలో అలాగే నిలబడి ఉంది, ఇనుము కాబట్టి. మన సీసాల్లో స్పిరిట్, ఫార్మలిన్ ఉన్నాయి. స్పిరిట్ సీసాలున్న బీరువా పక్కన స్విచ్ బోర్డు ఉండకూడదు. రిజిస్టర్ స్కాన్ చేసి, ఒక కాపీ మీ ఆఫీసులో, ఒక కాపీ కాలేజీ బయట ఉంచాలి. గుమస్తా గారూ, మీ ఆఫీసు కాపీ మాత్రం రికార్డ్ రూమ్‌లో వద్దు 🙂

రాళ్ల_మేష్టారు | శుక్రవారం, రాత్రి 10:20

ఇదిగో, ఇప్పటికి రాసుకున్న ముసాయిదాలో ముఖ్యమైన భాగం. అందరూ ఒకసారి చూడండి.

'ఈ మ్యూజియం పరిధి: రాయలసీమ ఖనిజాలు, శిలలు, ఫాసిల్స్, బోధనకు అవసరమైన ఇతర నమూనాలు. ప్రతి నమూనా రిఫరెన్స్ లేదా బోధన, ఏదో ఒక విభాగంలో ఉంటుంది. దొరికిన చోటు, తేదీ, సేకరించిన వ్యక్తి వివరాలు లేనివి రిఫరెన్స్‌లోకి రావు. చట్టప్రకారం కాగితాలు చూపలేని వన్యప్రాణి భాగాలు, పగడాలు, అణు ఖనిజాలు, రక్షిత స్థలాల నుంచి తెచ్చిన రాళ్లు విరాళంగా కూడా తీసుకోం. స్వీకరణ, అరువు, పరీక్షకు ముక్క ఇవ్వడం, విభాగం మార్చడం, బదిలీ - వీటికి ప్రిన్సిపాల్, ఇద్దరు హెచ్‌ఓడీలు, ఆఫీసు సూపరింటెండెంట్, బయటి నిపుణుడు ఒకరు కలిసిన కమిటీ లిఖితపూర్వక అనుమతి ఉండాలి. మ్యూజియం ఇన్‌చార్జి మారినప్పుడు రిఫరెన్స్ విభాగం మొత్తం నంబరు నంబరుకీ సరిచూసి అప్పగించాలి.'

సూపరింటెండెంట్‌ని కమిటీలో ఎందుకు పెట్టానో గుమస్తా గారికి తెలుసు.

డ్రాయర్_7 | శుక్రవారం, రాత్రి 11:02

బాగుంది. ఒకటి తప్పకుండా చేర్చండి. ఇన్‌చార్జికి సొంత కలెక్షన్ ఉంటే దాని జాబితా చేరిన రోజే కమిటీకి ఇవ్వాలి, కాలేజీ ఫీల్డ్ ట్రిప్‌లో దొరికిన మంచి ముక్క మొదట కాలేజీకే చెందాలి. మీ మీద అనుమానంతో అనడం లేదు. మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం.

తనిఖీకి ఏటా మొత్తం అని రాయకండి. ఏటా ఒక బీరువా పూర్తిగా, మిగతావాటిలో యాదృచ్ఛికంగా కొన్ని అంటే చేయగలరు. నంబరు వేయడానికి పారలాయిడ్ బీ-72 అనే రెసిన్‌ని ఎసిటోన్‌లో కరిగించి చిన్న పట్టీ పూసి, పైన ఇండియన్ ఇంక్‌తో రాసి, మళ్లీ ఒక పూత. స్ఫటికం ముఖం మీద కాదు, అడుగున. నెయిల్ పాలిష్, వైట్‌నర్ వద్దు, రెండూ పొరలుగా లేచిపోతాయి.

స్ఫటికం_హైద్ | శనివారం, ఉదయం 9:30

మేష్టారూ, ఈ థ్రెడ్ చదివాక ఒక ఆలోచన. నా దగ్గర జియోలైట్లు, అపోఫిలైట్లు అనే ఖనిజాల ముక్కలు ఒక అరవై దాకా ఉన్నాయి, జల్‌గావ్, పుణె వైపువి. మా పిల్లలకి వీటి మీద ఆసక్తి లేదు. మీకు ఇస్తే 'ఫలానా వారి బహూకరణ' అని పేరు రాసి ఎప్పటికీ షోకేసులో ఉంచుతారా?

రాళ్ల_మేష్టారు | శనివారం, ఉదయం 10:05

సంతోషం సార్! కానీ ఇప్పుడే నా ముసాయిదా నాకే అడ్డొస్తోంది. అవి రాయలసీమవి కావు కాబట్టి బోధన విభాగంలోకే వస్తాయి. 'ఎప్పటికీ షోకేసులో' అన్న షరతు ఒప్పుకోలేం అనుకుంటా. డ్రాయర్_7 గారూ?

డ్రాయర్_7 | శనివారం, సాయంత్రం 6:40

ఒప్పుకోకండి. షరతుల్లేని విరాళ పత్రం మీద సంతకం తీసుకోండి. లేబుల్ మీద దాత పేరు మాత్రం ఎప్పటికీ ఉంటుంది, సొరుగులో ఉన్నా సరే. కృష్ణా తీరం కొల్లూరు గనిదని చెప్పే హోప్ వజ్రాన్ని 1958లో హ్యారీ విన్‌స్టన్ స్మిత్సోనియన్‌కి మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు. ఆయన పేరు ఇప్పటికీ ఆ గ్యాలరీ మీదే ఉంది. స్ఫటికం గారి అపోఫిలైట్లకు కొరియర్ అయినా ఇన్సూర్ చేయించండి.

స్ఫటికం_హైద్ | శనివారం, సాయంత్రం 7:15

షరతు వెనక్కి తీసుకుంటున్నా. ప్యాకింగ్ మొదలుపెట్టనా?

రాళ్ల_మేష్టారు | శనివారం, సాయంత్రం 7:32

ముందు జాబితా పంపండి సార్, ఒక్కోదానికీ ఏ క్వారీ, ఏ ఏడాది, కొన్నదా ఏరినదా, బిల్లు ఉందా అన్నది రాసి. కమిటీ ఒప్పుకున్నాకే పార్సిల్. లామొంటైట్ ఉంటే విడిగా చెప్పండి, అది పొడి గాలికి పొడైపోతుంది కదా, డబ్బా ముందే సిద్ధం చేసుకుంటాను.

గుమస్తా_గారు | సోమవారం, ఉదయం 10:50

జాబితా మెయిల్‌లో కాకుండా సంతకంతో కాగితం మీద పంపమనండి. ఇన్‌వర్డ్‌లో నంబరు వేయిస్తాను.